మూడో ఆటలో ఆఖరి కూత

ఇద్దరి నడుమ పోటీకి రెఫరీని పెట్టేటప్పుడు ఇద్దరికీ నమ్మకమున్న మనిషిని వెతుకుతారని మీరనుకుంటారు. విజిల్ కొత్తగా మెడలో వేసుకున్న రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. సిద్దిపేటలో ఆ మూడు ఆటలకు నన్ను రెఫరీగా పెట్టింది మాత్రం, ఇద్దరికీ నా మీద ఒకేలాంటి అనుమానం ఉండటం వల్ల.

అప్పటికి నేను సర్కారు బడిలో పీఈటీగా రిటైరై ఎక్కువ కాలం కాలేదు. కబడ్డీ ఆడాను, ఆడపిల్లలతో ఆడించాను, రాష్ట్ర స్థాయి పోటీల్లో విజిల్ ఊదాను. మోకాళ్లు మొరాయించడం మొదలైనా కళ్లూ గొంతూ బాగానే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూసే వయసు ఇంకా రాలేదని నా నమ్మకం. మా ఆయనకు ఆ నమ్మకం లేదు.

ఆ రోజుల్లో మా జిల్లాలో ఆటగాళ్లకు జీతమిచ్చి ఆడించే కబడ్డీ లీగులు రెండు పుట్టాయి. ఒకటి మట్టి లీగ్. ఊళ్లలో నేల దున్ని, నీళ్లు చల్లి, చదును చేసి, సున్నంతో గీతలు వేసి ఆడేది. దాన్ని నడిపేది ఒకప్పుడు పేరున్న ఆటగాడైన ఒక పెద్దాయన. రెండోది మ్యాట్ లీగ్. ఇండోర్ స్టేడియంలో, రబ్బరు మ్యాట్ మీద, బూట్లు వేసుకుని, పెద్ద తెర మీద మళ్లీ మళ్లీ చూపించుకుంటూ ఆడేది. దాన్ని నడిపేది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక మేనేజర్. మట్టి వాళ్లు మ్యాట్ వాళ్లను "చాపల మీద ఆడేటోళ్లు" అని నవ్వేవారు. మ్యాట్ వాళ్లు మట్టి వాళ్లను అసలు లెక్కలోకే తీసుకోనట్టు మాట్లాడేవారు. కానీ మట్టిలో ఎవడైనా బాగా ఆడుతున్నాడని తెలిస్తే చాలు, మ్యాట్ లీగ్ కారు ఆ ఊరి పొలిమేరలో కనబడేది.

రెండు లీగుల్లో గెలిచిన జట్లు ఒకదానితో ఒకటి తలపడాలన్న ఆలోచన ఎవరిదో నాకు తెలియదు. అది తమదేనని ఇద్దరూ చెప్పుకున్నారు. చివరికి పాడైనప్పుడు ఎదుటివాళ్లదేనని కూడా ఇద్దరూ చెప్పారు.

నియమాల కోసం ఒక ఫంక్షన్ హాల్లో కూర్చున్నాం; నియమాలు తెలిసిన మనిషినని నన్నూ పిలిచారు. మొదటి ఆట మట్టి మీద, మట్టి నియమాలతో. రెండోది మ్యాట్ మీద, మ్యాట్ నియమాలతో. ఇక్కడిదాకా బాగానే సాగింది. చెరొకటి గెలిస్తే మూడోది ఎక్కడ, ఏ నియమాలతో అన్న దగ్గర ఇద్దరూ మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయారు. చివరికి నేల మ్యాట్ వాళ్లది, నియమాలు మట్టి వాళ్లవి అని తేలింది. అంటే ఆ ఆటలో తెర మీద మళ్లీ చూసుకోవడం ఉండదు.

మట్టి లీగ్ నియమాల్లో ఒకటి చదివినప్పుడు మేనేజర్ నవ్వాడు. గీత దగ్గర గొడవ వచ్చి, అంపైర్ ఎవరూ చూడకపోతే, ఆ చోట ఉన్న ఆటగాడిని రెఫరీ అడగాలి. అతని మాటే తీర్పు.

"ఇదేం నియమం మేడం గారూ? ఏ ఆటగాడైనా తనకు నష్టమొచ్చే మాట చెబుతాడా?" అన్నాడు మేనేజర్.

"మా దగ్గర చెప్తరు," అన్నాడు పెద్దాయన. "అబద్ధమాడినోడు మల్ల ఊర్ల ఆడలేడు. మీకు ఊరు లేదు గద, గందుకే తెర పెట్టుకున్నరు."

పెద్దాయన పట్టుబట్టడంతో ఆ నియమం ఉండిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ మాట మీద నిలబడమని అడిగింది ఆయనే.

ఇక రెఫరీ ఎవరన్నది. జిల్లాలో పేరున్న మగ రెఫరీలంతా ఏదో ఒక లీగులో పనిచేసినవాళ్లే. ఒకరు చెప్పిన పేరును ఇంకొకరు కొట్టేశారు. చివరికి నా పేరు మిగిలింది. నేను మట్టి లీగ్ ఆడే నంగునూరు వైపు ఊరి బడిలో పనిచేశాను కాబట్టి మట్టి వాళ్ల మనిషినని మేనేజర్ అనుమానం. మ్యాట్ మీద రెఫరీ కోర్సు చేశాను కాబట్టి మ్యాట్ వాళ్ల మనిషినని పెద్దాయన అనుమానం. రెండు అనుమానాలూ సమానమయ్యాక ఇద్దరూ తలూపారు.

గీతల దగ్గర నిలబడే అంపైర్‌గా నా పాత తోడు ఒకడిని తీసుకున్నాను. అతనూ పీఈటీయే, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు. మంచి చూపు, నిజాయితీ, కానీ లోకంలో ఏదీ ఊరికే జరగదన్నది అతని నమ్మకం. హోటల్లో వెయిటర్ చాయ్ తొందరగా తెచ్చినా వీడికేం కావాలో అని ఆలోచిస్తాడు.

మొదటి ఆట మట్టి మీద జరిగింది. అందరూ ఎదురుచూసింది ఒక్క రైడర్ కోసం. కబడ్డీలో కూతకు పోవడమంటే తెలిసిందే కదా. ఒక్కడే ఊపిరి బిగబట్టి ఎదుటి జట్టు సగంలోకి వెళ్లి, ఎవరినైనా తాకి, పట్టుబడకుండా నడిమి గీతకు తిరిగి రావాలి. ఆ పనిలో ఈ కుర్రవాడిని మించినవాడు జిల్లాలో లేడు. మద్దూరు దగ్గరి పల్లె. వాళ్ల నాయిన కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. కిందటి ఏడు దాకా మట్టి జట్టులోనే ఆడాడు. ఈ ఏడు మ్యాట్ జట్టుకు మారాడు. కాబట్టి ఇప్పుడు తన పాత జట్టు మీదనే ఆడుతున్నాడు.

అతను కూతకు వచ్చినప్పుడల్లా అతనికి ఎడమ చేతి వైపు మూలలో నిలబడేవాడు మట్టి జట్టు కెప్టెన్. మర్కూక్ వైపు రైతు కుటుంబం, గట్టి మనిషి, మాట తక్కువ. నిరుటిదాకా ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్న దోస్తులని అందరూ చెప్పుకునేవారు.

ఆ రోజు కెప్టెన్ ఆ రైడర్‌ను ఎడమ వైపు నుంచే పట్టేశాడు, ఒకసారి కాదు, ఆట పొడుగునా. అంత పేరున్నవాడు పసివాడిలా దొరికిపోయాడు. మట్టి జట్టు తేలిగ్గా గెలిచింది. జనం ఈలలు వేశారు.

నా తోడు అంపైర్ మాత్రం ఈల వేయలేదు.

"చూసినవా అక్కా? ప్రతిసారి కూతకు రాంగనే మెడ మొత్తం ఎడమ దిక్కు తిప్పుతుండు. పాత కెప్టెన్ మొకం చూస్తుండు. గాడ నుంచి సైగ వస్తుంది."

"అట్లనుకోకు తమ్ముడు," అన్నాను. కానీ నేనూ చూశాను. నిజమే. మంచి రైడర్ కంటి చివర నుంచే రెండు మూలలూ కనిపెడతాడు. మెడ అంతగా తిప్పడు. ఈ కుర్రవాడు కిందటి ఏడు అలా ఆడేవాడు కాదు.

మరో రెండు రోజులకు నేనూ నా తోడు అంపైరూ రెండో ఆట కోసం స్టేడియం చూసి వస్తూ బస్టాండు దగ్గర చాయ్ తాగడానికి ఆగాం. హోటల్ లోపలి మూలన ఆ రైడరూ మట్టి కెప్టెనూ కూర్చుని ఉన్నారు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. కెప్టెన్ ఏదో గట్టిగా చెబుతున్నాడు. కుర్రవాడు వద్దు వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. కెప్టెన్ లేచి, నాకు దండం పెట్టి, బయటికి వెళ్లిపోయాడు.

నేను కుర్రవాడి దగ్గరికి వెళ్లాను.

"ఏం మాట్లాడుకున్నరు?"

"ఏం లేదు మేడం. పాత దోస్తు. చాయ్ తాగినం."

"తాగినట్టు కనబడ్తలేదు."

అతను గ్లాసు వైపు చూసి తల వంచుకున్నాడు.

బయటికి వచ్చాక నా తోడు పట్టు పట్టాడు. "అక్కా, ఇద్దరు పెద్దమనుషులకు చెప్పు. రేపేమన్న బయటపడితే మనకు ముందే తెల్సని అంటరు. మన పేరు పోతది."

"ఏమని చెప్పాలె? చాయ్ చల్లారిందని చెప్పాల్నా?"

అతను నవ్వలేదు. నేనూ నవ్వాలని అనలేదు. అనుమానం మీద ఒక ఆటగాడి బతుకు పోగొట్టడం నాకు ఇష్టం లేదు. అలాగని అనుమానం లేదా అంటే, గట్టిగానే ఉంది. చెప్పను, కానీ కళ్లార్పకుండా చూస్తాను అనుకున్నాను.

చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. సిద్దిపేటలో ఇద్దరు ఒక హోటల్లో కూర్చుంటే ఆ మాట వాళ్లకంటే ముందే ఇల్లు చేరుతుంది. మరునాడు మేనేజర్ ఫోన్ చేశాడు. "మేడం గారూ, మా రైడర్ మీద కాస్త కన్నేసి ఉంచండి. మనలో మాట." సాయంత్రం పెద్దాయన ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే అన్నాడు, "మా కెప్టెన్ మీద జర నజర్ పెట్టు మేడం. ఈ మాట నీతోనే ఉండాలె." మొదట ఒకరి మనుషుల మీద ఒకరికి అనుమానం. ఇప్పుడు ఎవరి మనుషుల మీద వాళ్లకే. ఇన్ని కళ్లు నన్నొక్కదాన్నే పెట్టమంటే ఎక్కడినుంచి తేవాలో నాకు తెలియలేదు.

రెండో ఆట మ్యాట్ మీద. ఈసారి కుర్రవాడు కుడి వైపే ఆడాడు. ఎడమ మూల దరిదాపుల్లోకి పోలేదు. కుడి వైపు వాళ్లను ఒక్కొక్కరినే తాకుతూ పాయింట్లు తెచ్చాడు. ఎడమ మూలలో నిలబడ్డ కెప్టెన్ దగ్గరికి ఆటే రాలేదు. మ్యాట్ జట్టు గెలిచింది. మొదటి ఆటలో రైడర్ అమ్ముడుపోయాడని అన్నవాళ్లు ఈసారి కెప్టెన్ అమ్ముడుపోయాడని అన్నారు. "నీదొకటి, నాదొకటి అనుకున్నరు" అని పాన్ డబ్బా దగ్గర చెప్పుకోవడం నేనే విన్నాను.

మూడో ఆట రోజు స్టేడియం నిండిపోయింది. దుబ్బాక నుంచి, గజ్వేల్ నుంచి జీపుల్లో వచ్చారు. మగ్గం పని ఆపి వచ్చినవాళ్లు, సెలవు మీద మహారాష్ట్రలోని భీవండి నుంచి వచ్చినవాళ్లు, పొలం నుంచి అటే వచ్చి కాళ్లకు మట్టితోనే మెట్ల మీద కూర్చున్నవాళ్లు. ఒక ఆడమనిషి మగవాళ్ల ఆటలో విజిల్ ఊదడం చాలామందికి కొత్త. మొదట్లో కొందరు "గట్టిగ ఊదు అవ్వా" అని అరిచారు. నేను గట్టిగానే ఊదాను. తర్వాత అరవలేదు.

తెర మీద నల్లగుడ్డ కప్పించాడు పెద్దాయన, మట్టి నియమం కాబట్టి. ఆ గుడ్డ సరిగ్గా కట్టారో లేదో చూడటానికి నా తోడు అంపైర్ నిచ్చెన ఎక్కి మరీ చూసి వచ్చాడు. ఆటగాళ్ల గోళ్లు చూశాడు. ఒంటికి నూనె రాసుకున్నారేమోనని చేతులు తడిమాడు. మ్యాట్ మీద నీళ్లు చల్లారేమోనని వంగి వాసన చూశాడు.

"నీళ్లకు వాసన ఉంటదా తమ్ముడు?" అన్నాను.

"ఏం కలిపిన్రో ఎవరికెర్క అక్కా," అన్నాడు.

ఆట మొదటి నుంచీ పట్టు వదలకుండా నడిచింది. ఒకసారి వీళ్లు ముందు, ఒకసారి వాళ్లు ముందు. కుర్రవాడు కూతకు వచ్చినప్పుడల్లా మెడ ఎడమకు తిప్పుతూనే ఉన్నాడు. నేను అతని మొహాన్ని వదిలి కెప్టెన్ మొహం చూశాను. సైగ ఏదైనా ఉంటే దొరకాలి కదా. కెప్టెన్ కళ్లు ఆ కుర్రవాడి కాళ్ల మీదే ఉన్నాయి. చెయ్యి కదలలేదు, కనుబొమ కదలలేదు. లేని సైగను ఎంతసేపని వెతకను? అయినా వెతికాను. అనుమానం పట్టిన మనిషికి ఏమీ కనబడకపోవడం కూడా ఒక రుజువే. బాగా దాస్తున్నారని అనిపిస్తుంది.

ఆఖరి కూత దగ్గరికి వచ్చేసరికి మట్టి జట్టు ఒక్క పాయింటు ముందుంది. కూతకు రావాల్సింది ఆ కుర్రవాడే. అతను ఒకరిని తాకి ఊరికే తిరిగి వచ్చినా ఆట సమానం. ఇద్దరిని ఔట్ చేస్తే మ్యాట్ జట్టుదే గెలుపు. పట్టుబడినా, గీత దాటినా మట్టి జట్టుది.

వచ్చాడు. కుడి వైపు ఒకడిని చేత్తో తాకాడు. అది నేను స్పష్టంగా చూశాను. తిరిగి నడిమి గీత వైపు ఉరికాడు. అప్పుడు ఎడమ నుంచి కెప్టెన్ పులిలా వచ్చి నడుం పట్టాడు. పట్టిన పట్టుకు ఇద్దరూ పక్క గీత వైపు కొట్టుకుపోయారు. మిగతా డిఫెండర్లు మీద పడబోయారు. వాళ్లు ముట్టేలోపే ఆ ఇద్దరి కుప్పలోంచి కుర్రవాడి చెయ్యి ఒకటి బయటికి వచ్చి నడిమి గీతను తాకింది. కూత ఆగలేదు. కూత వినబడుతూనే ఉంది.

చెయ్యి గీతను తాకింది కాబట్టి, పట్టుకున్న కెప్టెన్ కూడా ఔట్. మొత్తం ఇద్దరు. మ్యాట్ జట్టు గెలిచినట్టే. కానీ చెయ్యి తాకక ముందే కుర్రవాడి ఎడమ కాలు పక్క గీత బయట పడిందా? పడితే అతనే ఔట్, అంతా తలకిందులు.

నేను నిలబడ్డ చోటి నుంచి ఆ కాలు కనబడలేదు. మనుషులు అడ్డం. ఆ గీత మీద ఉన్నది నా తోడు. అతని వైపు చూశాను. అతని మొహం పాలిపోయి ఉంది.

"చెప్పు తమ్ముడు."

"నా మీదికొస్తుంటే పక్కకు దునికిన అక్కా." తల అడ్డంగా ఊపాడు. "నేను చూడలే."

ఆటకు ముందు గోళ్లు చూసిన, నీళ్ల వాసన చూసిన మనిషి ఆ ఒక్క క్షణం చూడలేదు. అతని మీద నాకు కోపం రాలేదు. చూశానని ఏదో ఒకటి చెప్పేసి బయటపడొచ్చు. చూడలేదనే చెప్పాడు.

రెండు వైపులా బెంచీల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. మేనేజర్ నల్లగుడ్డ తీసేయమని అరుస్తున్నాడు. పెద్దాయన, "గుడ్డ ముట్టుకుంటే ఊకోను. నియమం నియమమే," అని అడ్డం నిలబడ్డాడు. నియమం ప్రకారం నేను అడగాలి. మొదట కుర్రవాడి దగ్గరికి వెళ్లాను. మ్యాట్ మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"నీ కాలు గీత బయట పడ్డదా?"

"నాకు తెల్వదు మేడం. నాకు కనబడలే."

వెనక నుంచి ఎవరో వెటకారంగా నవ్వారు. తన కాలు తనకు కనబడకపోవడమేమిటని. నాకూ ఒళ్లు మండింది. అప్పుడే అతని జట్టువాడొకడు ఎడమ వైపు నుంచి నీళ్ల సీసా అందించాడు. కుర్రవాడు చెయ్యి చాపలేదు. సీసా చెంపకు తగిలాక ఉలిక్కిపడి మెడ మొత్తం అటు తిప్పాడు.

నాకు అప్పుడర్థమైంది. అతను అబద్ధమాడటం లేదు. ఎడమ వైపు అతనికి నిజంగానే ఏమీ కనబడటం లేదు. ఇన్ని రోజులు సైగల కోసం చూస్తున్నాడని మేమనుకున్నాం, అతను చూసింది దారి కోసం.

ఆ మాట అక్కడ అనడానికి వీల్లేదు. ఇక ఆ కాలి దగ్గర ఉన్నది ఒక్కడే. కెప్టెన్ ఇంకా నేల మీదే ఉన్నాడు, మోచేతి మీద లేచి. అతని వైపు తిరిగాను. స్టేడియం మొత్తం మెల్లగా సద్దుమణిగింది.

"నువ్వు చెప్పు. పడ్డదా?"

పడింది అంటే అతని జట్టు గెలుస్తుంది. రెండు లీగులనూ గెలిచిన మొదటి కెప్టెన్ అవుతాడు. అలా అన్నా ఎవరూ తప్పుపట్టరు. అతను కుర్రవాడి వైపు చూడలేదు. పెద్దాయన వైపూ చూడలేదు. నా మొహమే చూస్తూ అన్నాడు.

"పడలే మేడం. లోపల్నే ఉండె."

నేను విజిల్ ఊది రెండు వేళ్లు మ్యాట్ జట్టు వైపు చూపించాను.

ఆ తర్వాత వచ్చిన గోలలో నాకు వినబడిన మాట ఒక్కటే. పెద్దాయన లోపలికి వచ్చి కెప్టెన్ బనీను పట్టుకుని అడిగాడు. "ఎంతకు అమ్ముడుపోయినవ్ రా?"

కెప్టెన్ ఆయన చెయ్యి విడిపించుకుని తన సంచి అందుకున్నాడు. మట్టి జట్టు వ్యాన్ అతన్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడుస్తుంటే నేను చూశాను. కప్పు గెలిచిన మేనేజర్ కూడా నాకు చెయ్యి కలపలేదు. ఎదుటి కెప్టెన్ అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏముందోనని అతనికీ అనుమానమే అయి ఉంటుంది.

స్టేడియం వెనక కుళాయి దగ్గర కుర్రవాడు మొహం కడుక్కుంటుంటే పట్టుకున్నాను.

"ఎడమ కన్ను ఎప్పటి సంది?"

నీళ్లు అలాగే కారుతున్నాయి. కుళాయి కట్టేయలేదు.

"నిరుడు ప్రాక్టీసుల కెప్టెనన్న మోచెయ్యి తగిలింది మేడం. కావాలని కాదు. తగ్గిందనుకున్న. నల్ల తెర లెక్క మెల్లగ కమ్ముకుంట వచ్చింది. మొదటాటల నన్ను పట్టినంక అన్నకు తెల్సిపోయింది. దవాఖానకు పోదాం పా, ఆట బంజెయ్ అని ఆ దినం హోటల్ల బతిమాలిండు. నేనే వద్దన్న. చెప్తే మ్యాట్ లీగోళ్లు తీసేస్తరు. బాపుకు ఇంక తాడెక్కుడు చాత కాదు మేడం. ఎవ్వరికి చెప్పకున్రి."

"ఒంటి కంటితోని ఆడితే ఉన్నది గూడ పోతది. నువ్వే పోయి చెప్పు. నువ్వు చెప్పకుంటె రేపు నేను చెప్త," అన్నాను.

అతనే చెప్పాడు. లీగ్ అతన్ని తీసేసింది. హైదరాబాద్ కంటి దవాఖానకు తీసుకుపోయింది కెప్టెనే. కంటి వెనక పొర ఊడిపోయి చాలా కాలమైందని, ముందే రావలసిందని డాక్టర్లు అన్నారట. ఆపరేషన్ చేస్తే వెలుతురు తెలిసింది కానీ చూపు రాలేదు. కుడి కన్ను బాగుంది. ఇప్పుడు మద్దూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. మెడ ఎడమకు తిప్పే అలవాటు పిల్లలకు కూడా వస్తుందని నవ్వుతూ చెబుతాడు.

కన్ను సంగతి బయటికి వచ్చాక ఊరి అనుమానం పోతుందనుకున్నాను. పోలేదు, రూపం మార్చుకుంది. డబ్బులకు అమ్ముడుపోయాడన్నవాళ్లు ఇప్పుడు, "తన మోచెయ్యి తగిలే కన్ను పోయింది గద, ఆ పాపం కడుక్కోనీకి జట్టును ముంచిండు" అన్నారు. కెప్టెన్‌ను ఏ జట్టూ తీసుకోలేదు. అతను వ్యవసాయంలోకి వెళ్లిపోయాడు. రెండు లీగులూ ఆ ఏడాదితోనే చితికిపోయాయి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనివాళ్లు మళ్లీ ఎదురెదురుగా ఆడలేదు. ఎవరికి వాళ్లు ఆడితే చూడటానికి జనం రాలేదు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ రెండో అనుమానం ఉండేది. దోస్తు కోసం అబద్ధమాడాడేమోనని. అది తప్పనిపించేది కాదు, మంచిదే అనిపించేది. కానీ నేనిచ్చిన తీర్పు ఒక అబద్ధం మీద నిలబడిందేమోనని అప్పుడప్పుడు మనసులో గుచ్చుకునేది.

పోయిన ఎండాకాలం మర్కూక్‌లో బడి పిల్లల టోర్నమెంటుకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. కొండపోచమ్మ కాలువ నీళ్లతో చుట్టుపక్కల పొలాలు పచ్చగా ఉన్నాయి. జనంలో ఒక చివర చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషిని గుర్తుపట్టాను. జుట్టు కొంచెం నెరిసింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. పంట గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. చివరికి ఆగలేక అడిగేశాను.

"ఇన్నేండ్లయింది. నాతోనన్న చెప్పు. ఆ దినం కాలు నిజంగ లోపల్నే ఉండెనా? లేక వాని కోసం అట్ల చెప్పినవా?"

అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు. కానీ ఆ చూపు నేను మరిచిపోలేను.

"మీరు గూడనా మేడం?"

అతనే అరచెయ్యి నేల మీద బోర్లా పెట్టి చూపించాడు.

"వాని నడుం జారింది, కాలు పట్టిన. నా చెయ్యి గీతకు గింత లోపల ఉండె. వాని మడిమ నా చెయ్యి మీద పడ్డది. వాని బరువంత ఈ యేళ్ల మీదనే ఉండె. బయట పడనీకి తావు యాడిది? వాని కోసం అబద్ధం ఎట్లాడుత మేడం, నా ఎనక ఆరుగురు పిలగాండ్లు ఆడవట్టె. పడి ఉంటే పడ్డదనే అంటుంటి. వాని కన్ను సంగతి వేరు, ఆట వేరు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎవరడిగిన్రు? పడ్డదా అని మీరడిగిన్రు, పడలే అన్న. ఎంతకు అమ్ముడుపోయినవ్ అని ఆయన అడిగిండు. ఎందుకు ముంచినవ్ అని ఊరోళ్లు అడిగిన్రు. నీకెట్ల ఎర్క అని ఒక్కలు అడగలే."

ఫైనల్ మొదలు కావలసి ఉంది. ఒక వైపు గీత చూడాల్సిన మాస్టారు ఎండదెబ్బకు పడుకున్నాడని కబురు వచ్చింది. ఎవరున్నారని అడిగితే, నేను కెప్టెన్‌ను చూపించాను. అతను మొదట వద్దన్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, లేచి వెళ్లి గీత దగ్గర నిలబడ్డాడు.

టోర్నమెంటు నడిపే యువకుడు నా చెవి దగ్గరికి వంగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీ. "మేడం, గీయనేనట గద అప్పట్ల ఫైనల్ అమ్ముకున్నది? ఫైనల్ గీత ఈయన చేతిల పెట్టుడు మంచిదేనా?"

"ఆ గీత కాడ ఏమైనా లొల్లి అయితే ఆయన్నే అడుగు బిడ్డా," అన్నాను. "ఏం చూసిండో అడుగు. ఎట్ల ఎర్కనో గూడ అడుగు. చెప్పేదంత అయ్యేదాక ఇను."